ఎందుకొచ్చావని అడగని చోటు

(మార్గశిర మాసంలో ఒక ఆదివారం సాయంత్రం నల్లగొండ జిల్లా దేవరకొండలో, చలికాలపు ఉచిత సభలు మొదలుపెట్టిన రోజున, ఒక విశ్రాంత గ్రంథపాలకుడు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి పెట్టాం. తడబాట్లు తీసేశాం, మిగిలిన మాటలన్నీ ఆయనవే.)

అమ్మలకు, అయ్యలకు, పిల్లలకు నమస్కారం.

ముందుగా ఆ తలుపు దగ్గర నిలబడ్డవారు లోపలికి రండి. చలిగాలి అంతా మీ వీపు మీదే పడుతోంది. చోటుంది, ఈ పిల్లలు కొంచెం జరుగుతారు. జరగండి నాన్నా, ఇంకొంచెం. అమ్మా, మీరు కూడా రండి. చెప్పులు అక్కడే వదిలేయండి, ఎవరూ ఎత్తుకుపోరు. జంపఖానా మీద కూర్చోలేకపోతే ఆ బెంచీ ఉంది. కూర్చున్నారా? మంచిది.

మీరు లోపలికి వస్తుంటే గుమ్మం దగ్గర ఎవరైనా ఏమైనా అడిగారా? పేరు అడిగారా? ఊరు అడిగారా? ఏం పని మీద వచ్చారని అడిగారా? అడగలేదు కదా. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఆ అడగకపోవడం గురించే.

కొంచెం ఆలోచించండి. ఆసుపత్రికి వెళితే ముందు చీటీ రాయించుకోవాలి. కార్యాలయానికి వెళితే ఏం పని అంటారు. బస్టాండులో కాసేపు కూర్చుంటే పక్కనున్నవారు ఏ ఊరు బస్సు అని అడుగుతారు. హోటల్లో కూర్చుంటే చాయ్ చెప్పాలి. చాయ్ అయిపోయాక ఆ అబ్బాయి వచ్చి మన ముందు బల్ల తుడుస్తాడు. తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తాడు. అంటే ఏమిటి? ఇక లేవమని. సొంత చుట్టాల ఇంటికి వెళ్ళినా మంచినీళ్ళిచ్చి, బాగోగులు అడిగి, కాసేపు ఆగి, ‘ఏమైనా పని మీద వచ్చావా?’ అంటారు. వాళ్ళ తప్పు కాదు, లోకం తీరు అది.

మరి ఏ పనీ లేకుండా, జేబులో పైసా లేకుండా, దీపం కింద నలుగురి పక్కన కూర్చోవడానికి మన చిన్న పట్టణాల్లో ఎన్ని చోట్లున్నాయి? వేళ్ళ మీద లెక్కపెట్టండి. గుడికి, మసీదుకు, చర్చికి దేవుడి కోసం వెళతాం. ఫంక్షన్ హాలుకు పిలుపు ఉంటేనే వెళతాం. లెక్కపెట్టడానికి ఒక్క వేలు చాలు. అది గ్రంథాలయం. నేను పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో ముప్పై ఏళ్ళకు పైగా గ్రంథాలయాల్లో పనిచేశాను కాబట్టి ఇలా అంటున్నానని అనుకోకండి. మీకు ఇంకో చోటు తెలిస్తే ప్రసంగం అయ్యాక నాకు చెప్పండి, నేనూ వస్తాను.

చలికాలమే ఎందుకు అని కమిటీవారు నన్ను అడిగారు. చెబుతాను. ఎండాకాలం మన వీధులే సభలు. అరుగుల మీద కూర్చుంటాం, వాకిట్లో మంచాలు వేసుకుంటాం, ఎవరి ఇంట్లో ఏం జరిగిందో అందరికీ తెలుస్తుంది. వానాకాలం చేతినిండా పని. చలికాలం అలా కాదు. అటు కురుమూర్తి జాతర అయిందంటే, ఇటు చెర్వుగట్టు జాతర దాటి శివరాత్రి వచ్చేదాకా, పొద్దు ఇట్టే గుంకుతుంది. దీపాలు పెట్టే వేళకే తలుపులు పడతాయి. మా చిన్నతనంలో వీధి మొదట్లో నెగడు వేసేవారు. చలి కాగడానికి చేరినవారంతా ఆ మంట చుట్టూ ముచ్చట్లు చెప్పుకునేవారు. చిరుతల రామాయణం నేర్చుకునేవాళ్ళు ఉండేవారు, యక్షగానం చూడటానికి గొంగళ్ళు కప్పుకుని వెళ్ళేవాళ్ళు ఉండేవారు. ఇప్పుడు నెగడు లేదు. మూసిన తలుపు వెనక టీవీ ఉంది, ఫోను ఉంది.

ఆ తలుపుల వెనక ఎవరున్నారో మనకు తెలుసు. కొడుకు హైదరాబాదులో, కూతురు ఇంకెక్కడో, ఇంట్లో ముసలాయన ఒక్కడే. ఇంకో ఇంట్లో అమ్మానాన్నలు వలస పోయారు. మన ప్రాంతంలో వలస గురించి మీకు నేను చెప్పాలా? వానాకాలం పంట ఇంటికి చేరగానే తట్టా బుట్టా సర్దుకుని పుణె, ముంబై, హైదరాబాదు దారి పట్టిన కుటుంబాలు పాలమూరులో ఎన్ని, ఈ దేవరకొండ చుట్టుపక్కల తండాల్లో ఎన్ని! పిల్లలను నానమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో వదిలి వెళతారు. ఆ పిల్లలకు పొద్దున బడి ఉంది, మధ్యాహ్నం అన్నం ఉంది. సాయంత్రం ఏముంది? చలికాలపు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఆ పిల్లవాడికి ఏముంది? నన్ను చాలా ఏళ్ళు వెంటాడిన ప్రశ్న ఇది.

ఇలాంటి ప్రశ్న చలిదేశాలవారికీ ఎదురైంది. 2022 చలికాలంలో బ్రిటన్‌లో కరెంటు, గ్యాసు ధరలు బాగా పెరిగి, ఇళ్ళు వెచ్చబెట్టుకోలేని పరిస్థితి వచ్చింది. అప్పుడు అక్కడి ఊళ్ళ గ్రంథాలయాలు, చర్చిలు, సామాజిక భవనాలు తలుపులు తెరిచి, వచ్చి కూర్చోండి, డబ్బులేమీ ఇవ్వనక్కరలేదు అన్నాయి. ఫిన్లాండువారైతే తమ స్వాతంత్ర్యానికి నూరేళ్ళు నిండిన సందర్భంగా తమకు తాము ఒక గ్రంథాలయాన్నే కానుక ఇచ్చుకున్నారు. రాజధాని హెల్సింకిలో 2018 డిసెంబరు 5న, స్వాతంత్ర్య దినానికి సరిగ్గా ఒక రోజు ముందు దాన్ని తెరిచారు. పేరు ఊడీ. అందులో పుస్తకాలతో పాటు కుట్టుమిషన్లున్నాయి, వంటగది ఉంది. అంత చలి మనకు లేదు, అంత డబ్బూ లేదు. సరే. కానీ తలుపు ఉందా, లేదా? దీపం ఉందా, లేదా?

ఇప్పుడు ఈ ఊరి మాటకు వస్తాను. ‘ఎందుకు వచ్చావు’ అనే ప్రశ్నను ఒకప్పుడు ఇక్కడ సాక్షాత్తు ప్రభుత్వమే అడిగేది. నిజాం రాజ్యంలో గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేది. పోటీ పరీక్షలు రాసే పిల్లలకు తెలిసే ఉంటుంది. సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. నలుగురు ఒకచోట కూడితే, ఎందుకు కూడుతున్నారు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకుని, అనుమతి చేతికొచ్చాక కూర్చోవాలి. మన తాతలు ఆ కాలంలో బతికారు.

అలాంటి కాలంలో వాళ్ళు ఏం చేశారు? గ్రంథాలయాలు పెట్టారు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. ఎక్కడ మొదలైంది? రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో. ఆయన మన నల్లగొండ ప్రాంతం మనిషి. ఆయనకు తోడుగా నిలబడినవారు మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు, కొమర్రాజు లక్ష్మణరావు గారు. మునగాల ఎక్కడుంది? ఇప్పటి సూర్యాపేట జిల్లాలో. ఆ తర్వాత 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వచ్చింది. నల్లగొండ పట్టణంలో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు 1922లో నీలగిరి పత్రిక పెట్టారు. గ్రంథాలయాల కోసం కూడా ఆయన తిరిగారు, శ్రమపడ్డారు. పేపరు చదవాలంటే చోటు కావాలి, చోటు ఉంటే నలుగురు చేరతారు, చేరితే మాట్లాడుకుంటారు. ఆ మాట్లాడుకోవడం నుంచే తర్వాతి చరిత్ర అంతా వచ్చింది.

1930లో జోగిపేటలో మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ, అంటే నిజాం రాజ్యంలోని తెలుగువారి సభ, కూడింది. అధ్యక్షులు సురవరం ప్రతాపరెడ్డి గారు, పాలమూరు బిడ్డ. దానితో పాటే మహిళాసభ జరిగింది, నడింపల్లి సుందరమ్మ గారు అధ్యక్షత వహించారు. మరి రెండో మహాసభ ఎక్కడ జరిగింది? ఎవరైనా చెప్పగలరా? గట్టిగా చెప్పు నాన్నా. అవును, దేవరకొండలో! 1931లో, ఈ ఖిల్లా నీడలోనే. అధ్యక్షులు బూర్గుల రామకృష్ణారావు గారు, ఆయనా పాలమూరు జిల్లావారే. 1952లో హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. దేవరకొండ తర్వాత ఈ మహాసభలు 1936లో షాద్‌నగర్, 1941లో చిలుకూరు, 1944లో భువనగిరి. ఈ పేర్లు వినండి. మహానగరాలేమీ కావు, మన బస్సులు ఆగే ఊళ్ళు ఇవన్నీ. నాకు ఇంకో ఊరు కూడా గుర్తొస్తుంది, అలంపురం. 1953 జనవరిలో, చలిలో, తుంగభద్ర ఒడ్డున ఆంధ్ర సారస్వత పరిషత్తు అనే సాహిత్య సంస్థ వార్షికోత్సవం జరిగింది. గడియారం రామకృష్ణ శర్మ గారు పూనుకుని చేయించారు. అంత చిన్న ఊళ్ళో అంతటి సభ! ఆ ముచ్చట్లు చెప్పుకునే పెద్దలను నా ఉద్యోగం మొదట్లో చూశాను. వాళ్ళ కళ్ళలో ఇంకా ఆ జనవరి ఉండేది.

కూడుకునే హక్కు కోసం ఆ పెద్దలు అంత కష్టపడ్డారు. ఇప్పుడు ఆ గస్తీ నిషాన్ ఉత్తర్వు లేదు. కానీ పొద్దుగుంకగానే మనమే తాళం వేస్తున్నాం. నాకు బాధ కలిగించేది అదే.

నా అనుభవం చెబుతాను. ముందు తప్పు చేసిన సంగతి చెబుతాను. ఎందుకంటే రేపు మీరూ అదే తప్పు చేయబోతారు, ప్రతి ఊళ్ళోనూ అదే చేస్తారు.

పాలమూరు వైపు ఒక పట్టణంలో పనిచేస్తున్నప్పుడు తొలిసారి చలికాలపు సభ పెట్టాను. వేదిక కట్టించాను, బ్యానర్ రాయించాను, ముఖ్య అతిథిని పిలిచాను, మైకు తెప్పించాను. నాలుగు గంటలకు అన్నాం. బడి పిల్లలను మూడున్నరకే తీసుకొచ్చి వరుసల్లో కూర్చోబెట్టారు. అతిథి వచ్చేసరికి ఆరున్నర. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనాగీతం, ఆ తర్వాత సన్మానం. వేదిక మీద పదకొండు మందికి శాలువాలు కప్పాం. శాలువాలు పైన ఉన్నవారికి కప్పాం. చలితో వణుకుతున్నది మాత్రం కింద సిమెంటు నేల మీద కూర్చున్న పిల్లలు. ఒక చిన్న పిల్ల మోకాళ్ళు గౌనులోకి ముడుచుకుని కూర్చుంది. ఆ పిల్లను నేను వేదిక మీది నుంచి చూశాను. చూసి కూడా ఆ పదకొండో శాలువా కప్పాను. ఆ తర్వాతి ఆదివారం సభకు ముగ్గురు వచ్చారు.

ముగ్గురూ వచ్చింది పేపరు కోసం. సరే అని నేను వేదిక మాట వదిలేశాను. జంపఖానా పరిచి వాళ్ళ పక్కనే కూర్చుని పేపరు గట్టిగా చదవడం మొదలుపెట్టాను. అంతే, ఇంకేమీ చేయలేదు. వేరుశెనగ ధర చదివాను. ఒక రైతు, ‘ఆ ధర తేమ తక్కువున్న కాయకు సారూ, మా కాయకు అంత ఎవరిస్తారు’ అన్నాడు. ఇంకొకరు తేమ ఎలా కొలుస్తారో చెప్పారు. అరగంట ఆ మాటే నడిచింది. నేను పుస్తకాల మధ్య అన్నేళ్ళు గడిపాను, అయినా ఆ రోజు విన్నది నాకు కొత్త. మరుసటి వారం ఏడుగురు వచ్చారు. ఆ రైతు ఉడకబెట్టిన పల్లికాయలు తెచ్చాడు. మూడో వారం ఆడవాళ్ళు వచ్చారు. సంక్రాంతి నాటికి గది చాలలేదు.

ఒక పెద్దాయన వచ్చేవారు, గొర్రెల కాపరి. తలుపు పక్కనే కూర్చునేవారు, ఎప్పుడూ మాట్లాడేవారు కాదు. ఒకరోజు పిల్లలు నేల చల్లగా ఉందని కాళ్ళు ముడుచుకుంటుంటే, భుజం మీది గొంగడి తీసి వాళ్ళ ముందు పరిచారు. నల్ల గొంగడి, ఒక అంచు కొంచెం చిరిగి ఉంది, మంద వాసన వస్తోంది. ఒక పిల్లవాడు ముక్కు మూసుకున్నాడు. పెద్దాయన కోప్పడలేదు. ‘ముట్టుకుని చూడు’ అన్నారు. గరుకుగా ఉంది తాతా అన్నాడు వాడు. అప్పుడు ఆయన నోరు విప్పారు. ఇది మన దక్కనీ గొర్రె బొచ్చు, రంగు వేసింది కాదు, గొర్రెదే ఈ నలుపు అని చెప్పారు. బొచ్చు కత్తిరించి, ఏకి, దారం వడికి, ఆ దారానికి చింతగింజల గంజి పట్టించి నేస్తారని చెప్పారు. వాన పడితే గొంగడిని కొప్పెరగా మడిచి నెత్తిన పెట్టుకుని మంద వెంట ఎలా తిరుగుతారో చేసి చూపించారు. ముక్కు మూసుకున్న పిల్లవాడే ఆ కొప్పెర తన నెత్తిన పెట్టమని అడిగాడు. ఆ సాయంత్రం నేను పేపరు తెరవనే లేదు. అంతకంటే మంచి ఉపన్యాసం ఆ గదిలో నా కాలంలో జరగలేదని నమ్ముతాను.

ఇంకొకటి చెప్పాలి. ఇది చెప్పకపోతే నేను ఇంతదూరం వచ్చింది దండగ. గ్రంథాలయం గేటు దగ్గర ఒకామె ఉడకబెట్టిన అనపకాయలు అమ్మేది. గంప, గంప మీద తడిగుడ్డ, కొలవడానికి ఒక స్టీలు గ్లాసు. ఆమె కూతురు ఏడో తరగతి, లోపల కూర్చుని చదువుకునేది. మా సభ జరుగుతుంటే ఆమె కిటికీ దగ్గర నిలబడి వినేది. ఒకరోజు గంప ఖాళీ అయ్యాక మెట్టు మీదికి వచ్చి అడిగింది. ‘సారూ, చదువు రానివాళ్ళు కూడా లోపలికి రావచ్చా?’ గ్రంథాలయం గుమ్మంలో నిలబడి ఆమె ఆ మాట అడగవలసి వచ్చింది. అప్పటికి నేను ఆ గ్రంథాలయంలో మూడేళ్ళుగా ఉన్నాను. ఆమె కిటికీ అవతల మూడేళ్ళుగా ఉంది. రావచ్చని మేం ఒక్కసారైనా చెప్పామా? చెప్పలేదు.

వచ్చి కూర్చుంది. రెండు వారాలు ఊరకే వింది. మూడో వారం పిల్లలు పాట పాడమంటే, తిరగలి దగ్గర పాడే పాట అందుకుంది. జొన్నలు విసురుతున్నట్టు కుడిచెయ్యి దానంతట అదే తిరుగుతోంది. తిరగలి లేదు, చెయ్యి తిరుగుతోంది. చెయ్యి ఆపితే పాట మరిచిపోతానంది. అమ్మలూ, మీలో కొందరు తలలూపుతున్నారు, మీకు తెలుసు ఆ పాటలు ఎలాంటివో. ఆమె కూతురు నోటుబుక్కులో రాసుకుంది. వారానికి ఒకటి చొప్పున శివరాత్రి నాటికి పదకొండు పాటలయ్యాయి. పిల్లలు వాటిని రెండు వందల పేజీల పుస్తకంలో మంచి దస్తూరితో తిరగరాశారు. నేను దానికి బైండింగ్ చేయించాను.

పుస్తకం అన్నాక గ్రంథాలయంలో నమోదు కావాలి కదా. మాకు ఒక పెద్ద రిజిస్టరు ఉంటుంది. క్రమసంఖ్య, తేదీ, రచయిత పేరు, పుస్తకం పేరు, ధర, ఎక్కడి నుంచి వచ్చింది, ఇలా గళ్ళుంటాయి. ఎవరైనా ఉచితంగా ఇచ్చిన పుస్తకమైతే ‘బహుమానం’ అని రాస్తాం. అక్కడిదాకా ఇబ్బంది లేదు. రచయిత పేరు గడి దగ్గర ఆగాను. ఇన్ని వారాల్లో ఆమెను నేను అడిగిన మొదటి ప్రశ్న అదే. ‘ఇంటిపేరు ఏమిటమ్మా?’ ఆమె కాసేపు ఆలోచించింది. ‘పుట్టింటిదా సారూ, అత్తింటిదా?’ అంది. పాటలు ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగాను. మా అమ్మ దగ్గర అంది. అయితే పుట్టింటిదే చెప్పమ్మా అన్నాను. చెప్పింది, రాశాను. సిరా ఆరేదాకా ఆమె అక్కడే నిలబడింది. తర్వాత కూతురిని పిలిచి, ఆ గడిలో ఏమని ఉందో చదవమంది. కూతురు చదివింది. మళ్ళీ చదవమంది.

మన్నించండి, కొంచెం మంచినీళ్ళు ఇవ్వండి.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన రంగనాథన్ గారు గ్రంథాలయాలకు ఐదు సూత్రాలు రాశారు, 1931లో. దేవరకొండ సభ జరిగిన ఏడాదే. పుస్తకాలు ఉపయోగం కోసం, ప్రతి పాఠకుడికీ ఒక పుస్తకం, ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు, పాఠకుడి కాలం వృథా చేయవద్దు. ఐదోది ఏమిటంటే, గ్రంథాలయం పెరిగే జీవి. పరీక్ష కోసం ఈ సూత్రాలు నేను కంఠతా పట్టాను. ఐదో సూత్రం నాకు అర్థమైంది మాత్రం ఆ గడి నింపిన రోజున.

ఇక డబ్బు సంగతి. ఉచిత సభ, ఉచిత సభ అంటున్నాం. ఎవరి దయ ఇది? ఎవరి దయా కాదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మీ ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. మీ ఇంటిపన్ను రసీదు ఇంట్లో ఉంటుంది, ఈ రాత్రి తీసి చూడండి. వెయ్యి రూపాయల ఇంటిపన్నుకు 80 రూపాయలు. ఆ డబ్బు పంచాయతీ, మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. ఎప్పటికప్పుడు జమచేస్తే పుస్తకాలొస్తాయి, పేపర్లొస్తాయి, బల్బు మాడితే కొత్త బల్బు వస్తుంది. జమచేయకపోతే ఏమవుతుందో నేను నా ఉద్యోగంలో చూశాను, పేపరువాడికి మూడు నెలలు బాకీ పడ్డాను. కాబట్టి మీరు అడగండి. మా పన్ను చేరిందా అని ఏడాదికొకసారి మర్యాదగా, గట్టిగా అడగండి. మీ డబ్బుతో వెలిగే దీపం కింద మీరు కూర్చున్నారు. బెరుకు వద్దు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, అది దాచిపెట్టి మాట్లాడటం న్యాయం కాదు. ఇప్పుడు గ్రంథాలయాలను నిలబెడుతున్నది ఎవరు? పోటీ పరీక్షలకు చదివే పిల్లలు. ఆ కిటికీ పక్కన కూర్చున్నారు చూడండి, టిఫిన్ డబ్బాలు తెచ్చుకుని పొద్దున్నుంచి రాత్రిదాకా చదువుతారు. కుర్చీ చాలకపోతే ఇంటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుంటారు. వాళ్ళకు నిశ్శబ్దం కావాలి, మనకు మాటలు కావాలి. పిల్లలూ, మీ చదువుకు అడ్డుపడాలని ఎవరికీ లేదు. గ్రంథాలయానికి సెలవు శుక్రవారం. ఆదివారం మనం తెరిచే ఉంటాం. అందుకని వారానికి ఒక్క రోజు, ఆదివారం, ఒక్క గంటన్నర, అదీ ఈ ముందు హాల్లో. మిగతా వేళలన్నీ మీవి. దానికి బదులు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఆ గంటన్నరలో ఒక పావుగంట వచ్చి ఒక పెద్దాయన పక్కన కూర్చోండి. ఫోనులో ఏది నొక్కాలో, ఏది నొక్కకూడదో చెప్పండి. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, నంబరు చెప్పండి అని ఫోన్లు వస్తున్నాయి కదా, ఆ మోసంలో పింఛను డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. డబ్బు పోతే వెంటనే సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి, ఆలస్యం చేయకూడదు. ఈ అంకెను గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఆ పెద్దాయన మీకు మీ పుస్తకాల్లో లేని చరిత్ర చెబుతారు. తెలంగాణ చరిత్ర పేపరుకు అదీ అక్కరకు వస్తుంది.

నిర్వాహకులకు రెండు మూడు మాటలు. ముఖ్య అతిథి వద్దు. ఎవరైనా పెద్ద మనిషి వస్తానంటే సంతోషం, వచ్చి జంపఖానా మీద కూర్చోమనండి. చందాలు వద్దు, చందా పుస్తకం కనిపిస్తే లేనివాడు రెండోసారి రాడు. తినడానికి ఎవరి ఇంట్లో ఏది ఉంటే అది, కందికాయలో, పల్లికాయలో, రేగుపళ్ళో. అల్లం చాయ్ ఒక్కటి మాత్రం వంతులవారీగా పెట్టుకోండి. తండాల నుంచి వచ్చేవారికి చివరి బస్సు ఎన్నింటికో కనుక్కుని ఆ వేళకు పావుగంట ముందే ముగించండి. మహిళలు రావాలంటే వీధిదీపం వెలగాలి, మరుగుదొడ్డికి తాళం ఉండకూడదు. ఇది చిన్న విషయం అనుకోకండి. నేను రెండు చలికాలాలు ఆడవాళ్ళు ఇంకా ఎక్కువమంది ఎందుకు రావడం లేదని తలపట్టుకున్నాను, చివరికి కారణం ఆ తాళం.

ఎవరూ రాని ఆదివారం ఒకటి వస్తుంది. తప్పకుండా వస్తుంది. మంచు పడుతుంది, లేదా ఎక్కడో పెళ్ళి ఉంటుంది, లేదా టీవీలో క్రికెట్ ఉంటుంది. ఆ రోజు తలుపు మూయకండి. ఒక్కరైనా దీపం పెట్టుకుని కూర్చోండి. రోడ్డు మీద పోయేవాడికి ఆ వెలుగు కనబడాలి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, అప్పటిదాకా ఏ ఆదివారమూ తప్పవద్దు. నాకు వీలైనన్నిసార్లు నేనూ బస్సెక్కి వస్తాను. మైకు ముందు మాత్రం నిలబడను, ఆ బెంచీ పక్కన కూర్చుంటాను.

చాయ్ వచ్చినట్టుంది, వాసన తెలుస్తోంది. ఇందాక తలుపు దగ్గర నిలబడ్డ అమ్మ ఉన్నారా? ఉన్నారు. అమ్మా, మీరు ఏదైనా చెప్పాలనుకుంటే ముందుకు రండి. పాడతానంటే పాడండి. ఏమీ లేదంటే ఊరకే కూర్చోండి, చాయ్ అక్కడికే వస్తుంది. నాన్నా, ఈ మైకు తీసి పక్కన పెట్టు. పెద్దలంతా కొంచెం దగ్గరగా, గుండ్రంగా జరగండి.